చలికి ఎర్రబడే కొమ్మలు: డాగ్‌వుడ్ కత్తిరింపు ఎలా, లక్ష్మీ నగర్ మిద్దెపై ఏది సాధ్యం?

ఆకు రాలిన మొక్కను ఎండిన మోడుగా చూడడం మనకు అలవాటు. కానీ కొన్ని పొదల అసలు శోభ ఆకు రాలిన తరువాతనే మొదలవుతుంది. మంచు కురిసే దేశాలలో డాగ్‌వుడ్ పొదలు నవంబరు చివరి నుంచి మార్చి వరకు పగడపు ఎరుపు, నారింజ, పసుపు రంగుల కొమ్మలతో నిలిచి ఉంటాయి. పువ్వు లేదు, ఆకు లేదు, ఉన్నదంతా కొమ్మల రంగే.

అమెరికా ఉత్తర రాష్ట్రాలలో, బ్రిటన్‌లో, కెనడాలో స్థిరపడిన తెలుగువారు ఈ పొదను ఉద్యానాలలో, కార్యాలయాల ఆవరణలలో తరచుగా చూస్తుంటారు. చలికాలమంటే కేవలం పొగమంచు, ధూళిగా మారిపోయిన ఢిల్లీలో మిద్దెతోట పెంచేవారికి కూడా అటువంటి రంగుపై ఆశ కలగడం సహజం. యమునకు తూర్పున, వికాస్ మార్గ్ వెంబడి ఇరుకుగా పెరిగిన లక్ష్మీ నగర్ వంటి కాలనీలో తోటకు మిగిలిన చోటు చాలావరకు మిద్దె ఒక్కటే.

ఆ రంగు ఇక్కడ సాధ్యమా అన్న ప్రశ్నకు సమాధానం రెండు భాగాలు. డాగ్‌వుడ్ మొక్క ఢిల్లీ మిద్దెపై నిలవదు. దాని కొమ్మలను ఎర్రగా ఉంచే సూత్రం మాత్రం ఢిల్లీలోనూ పనిచేస్తుంది. ఆ సూత్రం ఏమిటో, ఏ నెలలో కత్తెర పట్టాలో, ఏ మొక్కతో జాగ్రత్తగా ఉండాలో చూద్దాం.

డాగ్‌వుడ్ అంటే ఏ మొక్క?

డాగ్‌వుడ్ అనేది ఒకే మొక్క పేరు కాదు. కార్నస్ అనే ప్రజాతికి చెందిన సుమారు 50 నుంచి 60 జాతుల చెట్లకు, పొదలకు ఉమ్మడి పేరు. వీటిలో కార్నస్ ఫ్లోరిడా, కార్నస్ కౌసా వంటివి పూల అందానికి పెంచే చిన్న చెట్లు. శీతకాలపు కొమ్మల రంగు కోసం పెంచేవి ముఖ్యంగా మూడు పొద జాతులు.

మొదటిది కార్నస్ ఆల్బా. సైబీరియా, ఉత్తర చైనా, కొరియా దీని స్వస్థలాలు. ఆల్బా అంటే తెలుపు. ఈ పేరు కొమ్మలను కాక తెల్లని కాయలను ఉద్దేశించినది. దీనిలో ‘సిబిరికా’ రకం కొమ్మలు పగడపు ఎరుపులోను, ‘కెసెల్‌రింగీ’ రకం కొమ్మలు నలుపుకు దగ్గరైన ఊదారంగులోను ఉంటాయి.

రెండవది ఉత్తర అమెరికాకు చెందిన కార్నస్ సెరీసియా. నదీతీరాలలో, చిత్తడి నేలలలో సహజంగా పెరుగుతుంది. వంగే గుణమున్న దీని ఎర్రని కొమ్మలను అక్కడి ఆదివాసులు బుట్టల అల్లికకు వాడేవారు. దీనిలో ‘ఫ్లావిరామియా’ రకం కొమ్మలు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటాయి.

మూడవది ఐరోపాకు చెందిన కార్నస్ సాంగ్వీనియా. దీని రకమైన ‘మిడ్‌వింటర్ ఫైర్’ కొమ్మలు అడుగున పసుపుగా మొదలై, నారింజగా మారి, కొసన ఎర్రబడి దూరం నుంచి మంటలను తలపిస్తాయి.

ఢిల్లీకి చేరువలో సహజంగా పెరిగే డాగ్‌వుడ్ కూడా ఉంది. అది ఉత్తరాఖండ్ కొండలలోని కార్నస్ కాపిటాటా. స్థానికులు దీనిని భమోరా అంటారు. స్ట్రాబెర్రీని పోలిన ఎర్రని పండ్లు కాస్తుంది, వాటిని తింటారు. అయితే ఇది చెట్టు. శీతకాలంలో రంగు మార్చుకునే కొమ్మలు దీనికి లేవు.

కొమ్మకు రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

దీనిని అర్థం చేసుకోవడానికి తెలుగువారికి గోంగూర కట్ట చాలు. తెల్ల గోంగూర కాడ లేత ఆకుపచ్చగా, ఎర్ర గోంగూర కాడ ముదురు ఎరుపుగా ఉంటాయి. ఎర్ర కాడకు ఆ రంగునిచ్చేది ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం. ఎర్రని డాగ్‌వుడ్ కొమ్మ బెరడులో ఉండేదీ అదే కుటుంబానికి చెందిన వర్ణద్రవ్యం.

వేసవిలో ఈ కొమ్మల బెరడులో పత్రహరితం ఎక్కువగా ఉండి అవి పచ్చగానో, మందమైన ఎరుపుగానో కనిపిస్తాయి. శరదృతువులో పగటి కాలం తగ్గి, రాత్రులు చల్లబడినప్పుడు పత్రహరితం తగ్గుతుంది, ఆంథోసయనిన్ పెరుగుతుంది. దీనికి చలితోపాటు ఎండ కూడా కావాలి. ఒకే పొదలో ఎండ తగిలే వైపు కొమ్మలు ఎర్రగా, నీడవైపు కొమ్మలు వెలిసినట్లు ఉండడానికి ఇదే కారణం.

మూడో అంశం కొమ్మ వయసు. ఆ సంవత్సరం పుట్టిన కొమ్మ బెరడు పలుచగా, నునుపుగా ఉండి రంగును పూర్తిగా చూపుతుంది. రెండు మూడు సంవత్సరాలు గడిచేసరికి బెరడు మందమై, గరుకుబారి, బూడిద కలిసిన గోధుమ రంగుకు మారుతుంది. కత్తెర తగలని పదేళ్ల డాగ్‌వుడ్ పొదకు కొసలలో మాత్రమే కొద్దిపాటి ఎరుపు మిగులుతుంది.

రంగు లేత కొమ్మది. కనుక ప్రతి సంవత్సరం లేత కొమ్మలు పుట్టేలా చేయడమే ఈ పొదల పెంపకంలోని కీలకం.

కత్తిరింపు ఎప్పుడు, ఎలా?

చలికాలం ముగిసి, కొత్త ఆకు విచ్చుకోవడానికి ముందు కత్తిరించాలి. బ్రిటన్‌లో మార్చి చివరి వారాలు, మరింత చలి ప్రాంతాలలో మొగ్గలు ఉబ్బడం మొదలైన సమయం ఇందుకు అనువైనవి. శరదృతువులో కత్తిరిస్తే, రంగు చూడవలసిన కొమ్మలనే ముందుగా తీసివేసినట్లవుతుంది.

నాటిన వెంటనే కత్తిరించరాదు. వేళ్లు నిలదొక్కుకోవడానికి రెండు సంవత్సరాలు వదిలి, ఆ తరువాత వచ్చే వసంతంలో మొదలు పెట్టాలి. పద్ధతులు ప్రధానంగా మూడు.

పూర్తి కత్తిరింపు: కొమ్మలన్నింటినీ మొదలు నుంచి 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తులో, బయటివైపు చూస్తున్న మొగ్గకు కొంచెం పైగా కోయాలి. చూపుకు మోడులా మిగిలినా, వేసవి ముగిసేసరికి మీటరుకు మించిన కొత్త కొమ్మలు తిన్నగా లేస్తాయి. ‘సిబిరికా’, ‘ఫ్లావిరామియా’ వంటి బలమైన రకాలు దీనిని తట్టుకుంటాయి.

మూడో వంతు పద్ధతి: ఏటా అతి పాత కొమ్మలలో మూడో వంతును మాత్రం మొదటికి కోసి మిగిలినవాటిని ఉంచాలి. పొద ఎత్తు, తెర తగ్గకుండా రంగు నిలుస్తుంది. బలహీనమైన మొక్కలకు, బాట వెంట అడ్డుతెరగా పెంచేవాటికి ఇది మేలు.

ఏడాది విడిచి ఏడాది: నేల సారం తక్కువైనచోట, మొక్క ఏటా కోతను భరించలేనప్పుడు ఈ పద్ధతిని అనుసరిస్తారు.

‘మిడ్‌వింటర్ ఫైర్’ విషయంలో జాగ్రత్త అవసరం. అది నిదానంగా పెరిగే రకం. దానిని మొదటికి నరికితే కోలుకోవడం కష్టం. తేలికపాటి కత్తిరింపు, మూడో వంతు పద్ధతి దానికి తగినవి. పూల కోసం పెంచే ఫ్లోరిడా, కౌసా చెట్లకు ఈ కత్తిరింపు పద్ధతులు వర్తించవు.

పూర్తి కత్తిరింపుకు ఒక మూల్యం ఉంది. ఈ పొదలు గత సంవత్సరపు కొమ్మలపై పూస్తాయి. అన్నీ కోసివేస్తే ఆ ఏడు పువ్వులు, కాయలు ఉండవు. పక్షులకు కాయలు దక్కాలనుకునేవారు మూడో వంతు పద్ధతిని ఎంచుకోవచ్చు. కత్తిరించిన తరువాత మొదట్లో కంపోస్టు వేసి, పైన ఎండుటాకులు పరచాలి. ఏటా అంత కొత్త కొమ్మను పుట్టించే మొక్కకు ఆహారం అందకపోతే కొన్నేళ్లలో చిక్కిపోతుంది.

మొదటికి నరికి లేత చిగురు రప్పించే ఈ విధానం తెలుగు నేలకు కొత్తది కాదు. తెలంగాణ అడవులలో బీడీ ఆకు కోసం తునికి పొదలను వేసవికి ముందే నరుకుతారు. నెలన్నరలో లేత ఆకు వస్తుంది, దానిని సేకరిస్తారు. పట్టుపురుగులను పెంచే రైతులు మల్బరీని నేలకు దగ్గరగా కోసి లేత ఆకు రాబట్టుకుంటారు. అక్కడ లేత ఆకు కోసం చేసేదే డాగ్‌వుడ్ విషయంలో లేత బెరడు కోసం చేస్తారు.

చలి దేశాలలో నాటడం, అంటు కట్టడం

విదేశాలలో ఉండి ఈ పొదను పెంచదలచినవారు ముందు చోటును ఎంచుకోవాలి. రోజంతా ఎండ తగిలే స్థలమే రంగుకు మేలు. తేమ నిలిచే నేలను ఇవి తట్టుకుంటాయి. వాననీరు ఇంకే పల్లపు చోట్లలోనూ నాటవచ్చు. పొదల మధ్య మీటరు నుంచి మీటరున్నర దూరం ఉండాలి. మూడు, ఐదు పొదలను గుంపుగా, ముదురు ఆకుపచ్చని సతతహరిత మొక్కల ముందు నాటితే రంగు ఎక్కువగా కనిపిస్తుంది.

కొత్త మొక్కలకు డబ్బు వెచ్చించనవసరం లేదు. ఆకు రాలిన తరువాత పెన్సిలు మందం గల, 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవైన ముదురు కొమ్మ ముక్కలను కోసి, మూడింట రెండు వంతులు మట్టిలో దిగేలా గుచ్చితే వసంతానికి వేళ్లు పడతాయి. సెరీసియా జాతిలో నేలను తాకిన కొమ్మలు తమంతట తామే వేళ్లు పెడతాయి.

అక్కడి నుంచి సెలవులకు వచ్చేవారు ఈ ముక్కలను సామానులో పెట్టుకుని తేవడం మాత్రం చట్టవిరుద్ధం. మొక్కల క్వారంటైన్‌కు సంబంధించిన 2003 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం, నాటడానికి ఉద్దేశించిన కొమ్మలకు దిగుమతి అనుమతి, ఎగుమతి చేసే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఒక కొమ్మతో వచ్చే పురుగు, శిలీంధ్రం పంటలకు ముప్పు కాగలవన్నదే దీని వెనుక కారణం.

ఢిల్లీలో ఎందుకు నిలవదు?

ఢిల్లీలో చలి తక్కువేమీ కాదు. సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 1935 జనవరి 16న మైనస్ 0.6 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అయితే అదే కేంద్రంలో 1944 మే 29న 47.2 డిగ్రీలు నమోదయ్యాయి. డాగ్‌వుడ్‌కు అడ్డంకి ఇక్కడి చలికాలం కాదు, వేసవి.

రంగు కొమ్మల డాగ్‌వుడ్‌లు చల్లని వేసవికి, తేమ నేలకు అలవాటుపడినవి. మే, జూన్ నెలలలో పగలు 40 డిగ్రీలు దాటి, లూ గాలి వీచి, రాత్రి కూడా చల్లబడని చోట వాటి ఆకులు మాడతాయి, కొమ్మలకు తెగుళ్లు సోకుతాయి, వేళ్లు ఉడికిపోతాయి. మిద్దెపై కాంక్రీటు వేడి దీనికి తోడవుతుంది. ఎంత నీరు పోసినా కుండీ మట్టి వేడిని ఆపలేము. కనుక ‘ఎర్ర కొమ్మల విదేశీ మొక్క’ పేరుతో అమ్మే విత్తనాలకో, ఎండిన కర్రలకో ఢిల్లీలో డబ్బు పెట్టడం వృథా.

ఎర్రని కాండం గల అలంకార తాటి మొక్కను చూసి మోసపోయే ప్రమాదమూ ఉంది. లక్క రంగు కాండం గల ఆ తాటి జాతి ఆగ్నేయాసియా చిత్తడి అడవులది. దానికి ఢిల్లీ చలి గిట్టదు. అటు చలి దేశపు పొద, ఇటు ఉష్ణమండలపు తాటి రెండూ ఇక్కడ ఇమడవు.

దగ్గరి ప్రత్యామ్నాయం: ఎర్ర కాడజెముడు

చలికి కొమ్మలు ఎర్రబడే గుణమున్నదీ, ఢిల్లీ వేసవిని తట్టుకునేదీ అయిన మొక్క ఒకటుంది. అది కాడజెముడు. శాస్త్రీయ నామం యుఫోర్బియా తిరుకల్లి. ఆఫ్రికా నుంచి వచ్చి శతాబ్దాలుగా ఇక్కడ స్థిరపడింది. తెలుగు రాష్ట్రాల మెట్ట ప్రాంతాలలో పొలం గట్లపై కంచెగా కనిపించే, ఆకులు లేనట్లుండే పచ్చని కాడల మొక్క ఇదే.

దీనిలో ‘ఫైర్‌స్టిక్’ పేరుతో నర్సరీలలో అమ్మే రకానికి పత్రహరితం తక్కువ. వేసవిలో, వానలలో పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, రాత్రులు చల్లబడి పగలు ఎండ తగిలే రోజులలో కొసల నుంచి నారింజ, ఎరుపు రంగులకు మారుతుంది. ఇక్కడ కూడా రంగు లేత కొసలదే, పాత కాండం గోధుమ రంగుకు తిరుగుతుంది. పచ్చ రకం చెట్టంత ఎదుగుతుంది. ఈ రంగు రకం నిదానంగా పెరుగుతుంది కనుక కుండీకి అనుకూలం.

కత్తిరింపు కాలం ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు. చలికాలపు రంగు పూర్తయి, వేడి పెరిగి కొత్త కాడలు మొదలయ్యే సమయమది. డాగ్‌వుడ్‌ వలె మొదటికి నరకకూడదు. పొడవు పెరిగిన కాడలలో మూడో వంతును కణుపు దగ్గర కోస్తే, ఆ కణుపు నుంచి గుత్తులుగా కొత్త కాడలు వస్తాయి. కోసిన ముక్కలను వారం రోజులు నీడలో ఆరబెట్టి, కోత మానిన తరువాత ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే కొత్త మొక్కలవుతాయి. వానాకాలంలో కత్తెర పెట్టరాదు, కోసిన చోట కుళ్లు పడుతుంది.

కాడజెముడు పాలతో ప్రమాదం

ఈ మొక్క కాడ విరిస్తే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు చర్మంపై పడితే మంట, బొబ్బలు రావచ్చు. కంటిలో పడితే తీవ్రమైన నొప్పితో పాటు కనుపాపపై ఉండే పారదర్శక పొర దెబ్బతిని, చూపు తాత్కాలికంగా మసకబారవచ్చు. చికిత్స ఆలస్యమైతే నష్టం మిగిలిపోవచ్చు. నోటిలో పడినా హానికరమే.

కనుక చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే మిద్దెపై ఈ మొక్కను పెట్టకపోవడమే మంచిది. పెంచేవారు కత్తిరించేటప్పుడు రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు ధరించాలి. తలకు పైన ఉన్న కాడలను కింద నిలబడి కోయరాదు. పని ముగిసిన తరువాత చేతులు, కత్తెర సబ్బుతో కడగాలి. కడిగేదాకా కంటిని తాకరాదు.

కంటిలో పాలు పడితే వెంటనే శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి, నేత్ర వైద్యుని వద్దకు వెళ్లాలి. ఏ మొక్క పాలు పడ్డాయో వైద్యునికి చెప్పాలి. కంటిని నలపడం, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయడం ప్రమాదకరం. యమున దాటిన వెంటనే, మహారాజా రంజిత్ సింగ్ మార్గ్‌లో ఉన్న ప్రభుత్వ గురునానక్ నేత్ర కేంద్రం లక్ష్మీ నగర్‌ వాసులకు అందుబాటులో ఉండే ఆసుపత్రులలో ఒకటి.

ప్రమాదం లేని ఎర్ర కాడ కావాలనుకునేవారికి ఎర్ర బచ్చలి తీగ ఉంది. వేసవి, వానాకాలాలలో ఊదా ఎరుపు కాడలతో పందిరికి అల్లుకుంటుంది, కూరకూ పనికివస్తుంది. చలి ముదిరితే నిలవదు. అక్టోబరు, నవంబరు వరకే దాని రంగు.

చలికాలపు రంగుకు మరో మూడు మొక్కలు

‘కొత్త కొమ్మకే శోభ’ అన్న సూత్రం ఢిల్లీలో బాగా పెరిగే మరికొన్ని పొదలకూ వర్తిస్తుంది. తేడా అంతా కత్తిరించే నెలలోనే.

గులాబీ: ఢిల్లీలో గులాబీ కత్తిరింపుకు అక్టోబరు రెండు, మూడు వారాలు అనువైనవి. అప్పుడు కోసిన కొమ్మల నుంచి వచ్చే చిగుళ్లు ఇంచుమించు ఏడెనిమిది వారాలలో, అంటే డిసెంబరులో పూస్తాయి. ఎండిన, అడ్డదిడ్డంగా పెరిగిన, సన్నని కొమ్మలను తీసివేసి, బలమైన మూడు నాలుగు కొమ్మలను సగానికి కోయాలి. కత్తిరింపును డిసెంబరుకు వాయిదా వేస్తే చిగురు చలికి నిలిచిపోతుంది. గులాబీల విషయంలో ఢిల్లీకి ప్రత్యేక స్థానముంది. పూసాలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో అనేక గులాబీ రకాలు రూపొందాయి. భారత వ్యవసాయ పరిశోధన మండలి తొలి డైరెక్టర్ జనరల్ అయిన శాస్త్రవేత్త బి.పి. పాల్ స్వయంగా గులాబీ రకాల సృష్టికర్త.

పాయిన్‌సెట్టియా: డిసెంబరులో ఎర్రబడే దీని పైభాగాలు నిజానికి పువ్వులు కావు, రంగు మారిన పత్రాలు. మార్చి, ఏప్రిల్ నెలలలో పాత కొమ్మలను 15 నుంచి 20 సెంటీమీటర్లకు కోయాలి. ఆగస్టు చివరి వరకు కొసలు గిల్లుతూ ఉంటే కొమ్మలు పెరుగుతాయి, ఆ తరువాత గిల్లరాదు. ఇది దీర్ఘరాత్రులకు స్పందించే మొక్క. సెప్టెంబరు చివరి నుంచి ఎనిమిది పది వారాలపాటు రాత్రికి 14 గంటల నిరంతరాయమైన చీకటి ఉంటే రంగు నిండుగా వస్తుంది. లక్ష్మీ నగర్‌లో అసలు చిక్కు ఇదే. వీధి దీపం, ఎదుటి దుకాణపు బోర్డు, మెట్లగది బల్బు వెలుగు రాత్రంతా పడుతుంటే మొక్క ఎంత ఆరోగ్యంగా ఉన్నా పచ్చగానే ఉండిపోతుంది. సాయంత్రం ఐదారు గంటలకు అట్టపెట్టెతో కప్పి, ఉదయం ఏడెనిమిది గంటలకు తీసివేయడమే పరిష్కారం. దీని పాలు కాడజెముడు పాలంత తీవ్రమైనవి కాకున్నా చేతులకు తొడుగులు మంచివి.

కాగితం పూలు: బోగన్‌విల్లా రంగు కూడా కొత్త కొమ్మల కొసలలోనే వస్తుంది. ఒక విడత పూత ముగిసిన వెంటనే కొసలు కత్తిరించి, చిగురు కాస్త ముదిరాక నీరు తగ్గిస్తే తదుపరి పూత వస్తుంది. నడి చలికాలంలో దీనిని కోయకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లోని కడియం నర్సరీల నుంచి అలంకార మొక్కలు దేశంలోని అనేక రాష్ట్రాలకు వెళ్తుంటాయి. గోదావరి తీరపు తేమలో పెరిగిన మొక్కను నేరుగా ఢిల్లీ ఎండలోనో, మంచులోనో పెడితే తట్టుకోలేదు. తెచ్చిన తరువాత రెండు వారాలు పలుచని నీడలో ఉంచి, క్రమంగా ఎండకు అలవాటు చేయాలి. ఇటువంటి మొక్కలను ఫిబ్రవరి చివరన, లేదా వానలు తగ్గిన సెప్టెంబరులో తెచ్చుకోవడం మేలు.

మిద్దెపై ఎండ ఎక్కడ పడుతుంది?

చలికాలపు రంగుకు ఎండ తప్పనిసరి అని చెప్పుకున్నాం. డిసెంబరు చివర ఢిల్లీలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి సుమారు 38 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ కోణంలో 12 మీటర్ల ఎత్తున్న భవనం నీడ ఉత్తర దిశగా 15 మీటర్ల వరకు పరుచుకుంటుంది. లక్ష్మీ నగర్ సందులు అంత వెడల్పు లేవు. అందువల్ల కింది అంతస్తుల బాల్కనీలకు ఆ నెలలలో నేరుగా ఎండ తగలదు.

మిద్దెపై కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మీటరు ఎత్తున్న దక్షిణపు పిట్టగోడ నీడ మధ్యాహ్నం 1.3 మీటర్ల దూరం పడుతుంది. ఆ గోడ పక్కన నేలపై పెట్టిన కుండీ చలికాలమంతా నీడలోనే ఉంటుంది. కుండీలను ఉత్తరం వైపు జరపడం, లేదా స్టాండుపై ఎత్తుగా పెట్టడం వల్ల రంగులో స్పష్టమైన తేడా వస్తుంది. కుండీని పిట్టగోడపై మాత్రం ఎప్పుడూ పెట్టరాదు. గాలికి జారితే కింద సందులో నడిచేవారి ప్రాణాలకు ప్రమాదం.

ఆకులపై పేరుకునే ధూళి కూడా ఎండను అడ్డుకుంటుంది. వారానికొకసారి ఉదయం పూట నీటితో కడగడం మేలు. కాడజెముడును మాత్రం పొగమంచు రోజులలో తడపకూడదు.

బరువు, నీటి చెమ్మ: విస్మరించరాని అంశాలు

2010 నవంబరు 15న లక్ష్మీ నగర్‌లోని లలితా పార్కులో ఐదంతస్తుల భవనం కూలి 60 మందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటనకు మిద్దెతోటలతో సంబంధం లేదు. అయితే అదనపు అంతస్తులు, నీరు నిలిచిన పునాదులు ఏ స్థాయి ముప్పును తెస్తాయో ఆ ఘటన ఈ ప్రాంతవాసులకు గుర్తు చేస్తూనే ఉంది. పాత భవనం మిద్దెపై బరువు పెంచే ముందు ఆలోచించవలసిందే.

30 లీటర్ల కుండీని మట్టితో నింపి నీరు పోస్తే ఇంచుమించు 50 కిలోల బరువు తూగుతుంది. అటువంటివి 20 పెడితే టన్ను బరువు. తోటమట్టిని తగ్గించి కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపితే బరువు చెప్పుకోదగినంత తగ్గుతుంది. పెద్ద కుండీలను మిద్దె నడుమ కాక, కింద గోడలు లేదా దూలాలు ఉన్న అంచుల వెంట ఉంచాలి. కుండీ కింద ఇటుకలు పెట్టి నీరు పారే దారి వదలాలి. పైకప్పు లోపలి వైపు చెమ్మ మరకలు, పెచ్చులూడడం కనిపిస్తే కుండీలు దించి, ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి. అద్దె ఇళ్లలో ఉండేవారు ముందుగా యజమాని అనుమతి తీసుకోవాలి.

కత్తిరించిన కొమ్మలను ఏం చేయాలి?

ఢిల్లీలో ఆకులు, చెత్తను బహిరంగంగా కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో నిషేధించింది. కాల్చినవారికి రూ. 5,000 పరిహారం విధించాలని ఆదేశించింది. గులాబీ, కాగితం పూల కొమ్మలను చిన్న ముక్కలుగా చేసి కంపోస్టు డబ్బాలో వేయవచ్చు. కాడజెముడు ముక్కలను మాత్రం విడిగా సంచిలో కట్టి, దానిపై గుర్తు రాసి పారవేయాలి. చెత్త ఏరే కార్మికుల కళ్లకు, చేతులకు ఆ పాలు తగలకుండా చూడడం మన బాధ్యత.

కుండీలోని పొదను కత్తిరించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంటి ముందరి వేప, రావి వంటి చెట్ల సంగతి వేరు. 1994 నాటి ఢిల్లీ చెట్ల పరిరక్షణ చట్టం చెట్లకు నష్టం కలిగించడాన్ని నియంత్రిస్తుంది. 15.7 సెంటీమీటర్ల వరకు చుట్టుకొలత గల కొమ్మలను అనుమతి లేకుండా కోయవచ్చన్న మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2023లో కొట్టివేసింది. మిద్దెకు ఎండ రావడానికి వీధి చెట్టు కొమ్మలు నరికించాలని భావించేవారు ముందుగా చెట్ల అధికారి కార్యాలయాన్ని సంప్రదించాలి.

ఢిల్లీ మిద్దెతోటకు నెలల వారీ క్రమం

ఫిబ్రవరి చివర, మార్చి: కాడజెముడులో మూడో వంతు కాడల కత్తిరింపు, ముక్కలు ఆరబెట్టి నాటడం. పాయిన్‌సెట్టియా కత్తిరింపు ప్రారంభం.

ఏప్రిల్ నుంచి జూన్: పాయిన్‌సెట్టియాకు, కొత్త మొక్కలకు పచ్చ వల నీడ. ఉదయం, సాయంత్రం నీరు. ఎర్ర బచ్చలి విత్తడం.

జులై, ఆగస్టు: కుండీల అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూడడం. పాయిన్‌సెట్టియా కొసలు గిల్లడం, ఆగస్టు చివర ఆపడం.

సెప్టెంబరు చివర: పాయిన్‌సెట్టియాను రాత్రివేళ కప్పడం ప్రారంభం. కుండీలను చలికాలపు ఎండ తగిలే చోటికి మార్చడం.

అక్టోబరు: రెండు, మూడు వారాలలో గులాబీ కత్తిరింపు, కంపోస్టు.

నవంబరు నుంచి జనవరి: రంగును చూసే కాలం. కత్తెర పక్కన పెట్టాలి. కాడజెముడుకు మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే నీరు. ఉష్ణోగ్రత బాగా పడిపోయే రాత్రులలో పాయిన్‌సెట్టియాను లోపలికి చేర్చడం, కాడజెముడుపై పలుచని గుడ్డ కప్పడం.

చలి దేశాలలో ఉన్నవారికి ఈ క్రమం వర్తించదు. అక్కడ డాగ్‌వుడ్‌కు కత్తెర పట్టేది వసంతం తొలి రోజులలోనే. ఏ ఊరిలోనైనా కత్తిరించే ముందు రెండు విషయాలు గమనించాలి: రంగు ఏ కొమ్మలపై వస్తోంది, ఆ కొమ్మలు ఎదగడానికి స్థానిక వాతావరణం ఎన్ని వారాల వ్యవధి ఇస్తోంది. ఆ వ్యవధిని లెక్కించి వెనక్కి వస్తే కత్తిరించవలసిన నెల తెలుస్తుంది.